చక్రాల బోటు తాత

తెల్లవారుజాము మంచులో చెరువూ ఆకాశమూ ఒకటైపోయి ఉన్నాయి. ఉక్కు ప్లాంటు పొగ కూడా నీళ్లలోంచే లేస్తున్నట్టుంది.

ఆ మధ్యన ఒక తొక్కుడు బోటు నిద్రలో నడిచినట్టు కదులుతోంది. దాని పక్క చక్రాలు మెత్తగా నీళ్లు చిమ్ముతున్నాయి.

బోట్లు అద్దెకిచ్చే తాతబ్బాయి గట్టు మీంచి చూశాడు. బోటు తొక్కుతున్న ముసలాయన ఎవరో తెలీదు. కొన్నాళ్లుగా రోజూ వస్తున్నాడు.

ఇవాళ తాడు కనబడింది. ఒక కొస గట్టు మీది గుంజకు, రెండో కొస బోటుకు, మధ్యదంతా నీటి అడుగున.

తాతబ్బాయి భీమిలి జాలరుల ఇంట పుట్టినవాడు. అలా తాడు చుట్టబెడితే అది వలేనని అతనికి ఒకరు చెప్పాలా?

"ఏటి తాతా, వలేత్తన్నావా?"

"సేపలకి కాదు బాబూ. అడుగున ఇనుముంది."

"ఇది భిలాయి. ఇనుము లేందెక్కడ?"

"పిల్లలు తిరిగే నీళ్లు కదా. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టు."

"సేపలు పోతే చెరువు కాంట్రాక్టరు నా నౌకరీ పీకేత్తాడు. రేపట్నించి రాకు."

ముసలాయన బోటు గట్టుకు చేర్చాడు. తాడు చుట్టి భుజాన వేసుకుని మంచులో కలిసిపోయాడు.

నెల తిరక్కుండా తాతబ్బాయి కూతురు రాజశ్రీ ఎక్కిన బోటు చెరువు అవతలి వైపున చీలి మునిగింది. పిల్లను బయటికి లాగారు గానీ మడమ కోసుకుపోయింది. ఆమెకు కుట్లు వేసి పంపేదాకా తాతబ్బాయి ప్రాణం ప్రాణంలో లేదు.

చెరువు నీళ్లు తోడించారు.

ఉక్కు ఊరు కదా, ఏటా చెరువులో కలిపే దుర్గమ్మ విగ్రహాలకు వెదురు బదులు ఇనప చువ్వలే. మట్టి కరిగిపోయి, చువ్వలు బురదలో నిక్కి ఉన్నాయి.

ఇవతలి సగంలో మాత్రం ఒక్కటీ లేదు. అక్కడ ఏరినవన్నీ గట్టు మీది పొదల వెనక పోగుపెట్టి ఉన్నాయి. తాడు తిరగనిచోటే బోటు చీలింది.

తాతబ్బాయికి తల కొట్టేసినట్టయింది. వాచ్‌మన్‌ని అడిగి, రిసాలి కాలనీలో ఆయన క్వార్టరు వెతుక్కుంటూ వెళ్లాడు.

ముసలాయన కూతురు ఛాయ తలుపు తీసింది.

"తాతున్నారా దీదీ? చెరువుకాడ బోటు తొక్కేవోరు."

"పోయి వారమైంది భయ్యా."

తాతబ్బాయి చెప్పులు విప్పి గుమ్మంలోనే కూర్చున్నాడు.

"తాడుతో ఇనుమేరే పని ఆయనకెవలు నేర్పారమ్మా?"

"రెండో ప్రపంచ యుద్ధంలో నాన్న పక్కన చక్రాలుండే పాతకాలం ఓడెక్కి, అందరికన్నా ముందెళ్లి శత్రువులు సముద్రంలో దాచిన బాంబులు ఇలాగే తాడు ఈడ్చి ఏరేవారంట," అంది ఛాయ, "ఆ దారిన వెనకొచ్చిన ఓడల్లో వాళ్లకి మా నాన్న పేరు కూడా తెలీదంట."