గాలిలో గుర్రం

"మామయ్యా, ఇదిగో! మళ్ళీ రెండు ముక్కలైంది!"

ఫ్యాన్ మోటారు మీద గిర్రున తిరుగుతూ గాలిలో వెలుగుబొమ్మలు గీసే ఎల్‌ఈడీ పలకలో గుర్రం తల ఒకచోట, తోక ఒకచోట తేలుతున్నాయి. ఎవరో రాసి అందరికీ ఉచితంగా వదిలిన ప్రోగ్రాంతో మేనకోడలు మూడు రోజులుగా కుస్తీ పడుతోంది.

ఫ్యాన్ల మెకానిక్ అయిన మామయ్య మోటారు చప్పుడును చెవి ఒగ్గి విన్నాడు.

"మోటారు ప్రతి చుట్టూ ఒకే వేగంతో తిరగదమ్మా. ఆ సంగతి నీ ప్రోగ్రాంకి తెలుసా?"

తెలియదు. ప్రతి చుట్టుకీ పట్టే సమయాన్ని కొలిచేలా ఆమె ప్రోగ్రాంని మార్చగానే గుర్రం అతుక్కుంది! ఇద్దరూ దాని చుట్టూ గెంతులేశారు.

"రాసినాయనకి ఈ మార్పు పంపేశా, నీ పేరుతో!"

సాయంత్రానికి ఆ ముక్కూ మొహం తెలియనాయన జవాబిచ్చాడు: "మెకానిక్ గారూ, ఇక్కడ నా ఏనుగు కూడా అతుక్కుంది!"

మామయ్య తన చేతులకేసి చూసుకున్నాడు.

"చెయ్యి పెట్టకుండానే బాగుచేశానా!"