పూలబండి బ్రేకు

బుధవారం సాయంత్రం కూడా పూలబుట్ట ముప్పాతిక నిండుగానే ఇంటికి తిరిగొచ్చింది.

గోవిందయ్య బండికి స్టాండు వేసి, బుట్ట దించి, అరుగు మీద కూలబడ్డాడు. భార్య మోహన వచ్చి బుట్ట మీది తడిగుడ్డ తీసి చూసింది. పొద్దున్నుంచీ నడుము వంచి తను కట్టిన మల్లెలు, మధ్య మధ్య మరువం, కనకాంబరాలు, అన్నీ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. రేపటిదాకా ఆగమంటే మల్లెపూలు ఆగుతాయా?

ఆదివారం నుంచీ ఇదే వరస. ఎల్లుండి వరలక్ష్మీ వ్రతం. పూలమ్మేవాళ్లకు ఏడాదికొకసారి వచ్చే పంట అది. రేపటికి మామూలు కంటే రెండింతలు పూలు కావాలని తోటవాళ్లకు ఎప్పుడో చెప్పిపెట్టారు. ఇలాగే సాగితే ఆ పూలన్నీ పక్కింటి ఆవుకు మేత కావలసిందే. వ్రతం ఆవుకు బాగానే జరుగుతుంది, గోవిందయ్యకే జరగదు.

గోవిందయ్య బండి సంగతి పాకాలలో తెలియనివాళ్లు లేరు. పెళ్లికి ముందు కొన్న బండి. వెనక బ్రేకు తొక్కితే కీచుమని అరిచే రకం. రైల్వే క్వార్టర్ల దగ్గర తొక్కితే స్టేషన్లో టీ తాగేవాళ్లు తల తిప్పి చూసేవాళ్లు. నిద్రపోయే కుక్కలు లేచి కూర్చునేవి. తన సర్వీసులో గూడ్సు బండి కూడా ఇంత ఘోరంగా ఏడవలేదని రిటైరైన గార్డు ధర్మేంద్ర ఎన్నోసార్లు ముఖం మీదే అన్నాడు. గోవిందయ్య నవ్వి ఊరుకునేవాడు. పాపం, నోట్లో నాలుక లేని మనిషి.

అలాంటి మనిషికి ఇప్పుడు ఏ వీధికి వెళ్లినా మూసిన తలుపులే. లోపల టీవీల మోత వినిపిస్తుంది గానీ ఒక్క ఇల్లాలూ గడప దాటి రావడం లేదు. రోజూ తప్పకుండా రెండు మూరలు తీసుకునే నాగరత్నమ్మ ఇంటి ముందు కాసేపు నిలబడ్డాడు. తలుపు తట్టడానికి చెయ్యి రాలేదు. ఊరందరికీ ఒక్కసారిగా తన మీద ఏం కోపమొచ్చిందోనని లోలోపల కుమిలిపోయాడు.

ఆయన నోట అదంతా విని మోహన కారణం ఇట్టే పట్టేసింది.

“ఎవురికీ కోపం లేదు, ఏం లేదు. ఇదంతా ఆ బ్రేకు సేసిన పని. పొద్దున్నే మునికుమార్ కాడికి పోయి దాని సంగతి తేల్చుకోని రా. అది సరైతేనే పూలు కట్టేది.”

పనిలో పనిగా, మొన్న చిత్తూరు నుంచి వచ్చిపోయిన తమ్ముడు సుకుమార్‌ని కూడా కలిపి తిట్టింది. ఆమెకు కోపమొస్తే చుట్టాల్లో ఎవరో ఒకరు అందులో పడాల్సిందే.

మర్నాడు షెడ్డు తెరవకముందే గోవిందయ్య వెళ్లి కాచుకున్నాడు. మెకానిక్ మునికుమార్‌కి పాడుకుంటూ పనిచేయడం అలవాటు. గోవిందయ్య చెప్పిందంతా విని ముందు నవ్వాడు. మర్యాద కాదని ఆపుకున్నాడు. ఆగక మళ్లీ నవ్వాడు. తర్వాత పాట ఎత్తుకుని వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు.

బ్రేకు రాడ్డు బిగించాడు. బండెక్కి రోడ్డు చివరిదాకా పోయి, తిరిగొచ్చి గోవిందయ్య ముందు బ్రేకు తొక్కాడు. గోవిందయ్య చెవి ఒగ్గి విని తల అడ్డంగా ఊపాడు. మునికుమార్ రాడ్డు వదులు చేసి మళ్లీ తొక్కాడు. తల మళ్లీ అడ్డంగానే ఊగింది. మునికుమార్ పాట ఆగిపోయింది.

గోవిందయ్య ఎక్కుతున్న ఎండ వైపు చూశాడు. తోట నుంచి పూలు ఇంటికి చేరే వేళయింది.

“ఇంగ కుదరదా అబ్బా?” అని అడిగాడు.

“ఉండన్నా. తంటా అంతా ఈ కొత్త బ్రేకు షూలతోనే వచ్చింది. వీటిని నమ్ముకుంటే పని గాదు.”

మునికుమార్ చక్రం విప్పి, మూలనున్న పాత సామాన్ల డబ్బా బోర్లించాడు. వెతికి వెతికి ఒక జత బ్రేకు షూలు ఏరి, వేలితో తడిమి, బాగున్నాయన్నట్టు తలూపాడు. చక్రంలోని బ్రేకు డ్రమ్ములో దుమ్ము తుడవబోయి, ఏదో గుర్తొచ్చినట్టు గుడ్డ పక్కన పడేశాడు. ముందు బ్రేకు గట్టిగా పడుతోందని కూడా సరిచూసుకున్నాకే బండి అప్పగించాడు.

ఈసారి గోవిందయ్యే ఎక్కాడు. మలుపు దాకా పోయి వచ్చి, కొండమీది స్వామికి మనసులో మొక్కుకుని బ్రేకు తొక్కాడు. ఎదురుగా టీ కొట్టు బల్ల మీదున్న ధర్మేంద్ర చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. మునికుమార్ రెండు చేతులూ ఎత్తి బండికి దండం పెట్టాడు. గోవిందయ్య ముఖం చేటంతయింది.

ఇంటికొచ్చాక ఏమైందని మోహన అడిగితే, “సాయంత్రం నువ్వే సూస్తావు పో, ముందు పూలు కట్టు,” అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఆమెకు పని చెప్పడం అదే మొదలు. మోహన నవ్వుకుంటూ దారం ఉండ అందుకుంది.

సాయంత్రం పొంగిపొర్లే బుట్టతో గోవిందయ్య రైల్వే క్వార్టర్ల వీధిలోకి తిరిగాడు. నమ్మకం చాలక మోహన కూడా నడుచుకుంటూ వెనకే వచ్చి వీధి మొదట్లో నిలబడింది. తలుపులన్నీ మూసే ఉన్నాయి. లోపల సీరియళ్లు జోరుగా నడుస్తున్నాయి. గోవిందయ్య బ్రేకు మీద కాలు వేశాడు.

పోయిన శనివారం బావ మీద ప్రేమకొద్దీ సుకుమార్ కొత్త షూలు వేయించి నోరు మూయించిన ఆ బండి కీచుమని మళ్లీ పాత గొంతుతో అరవగానే, “పూలాయన వచ్చినాడే” అంటూ వీధి పొడవునా తలుపులు తెరుచుకున్నాయి.