కట్టెల లుకియాన్

"లోపలికి రావయ్యా లుకియాన్. గాలి కొడుతోంది, తలుపు వేయాలి."

"వేసెయ్యన్నా. నేను ఇక్కడే ఉంటాను."

"మంచులో మోకాళ్లేస్తావా? ఎవరు చూడాలని నీ సాధువు వేషాలు?"

లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. ఒనుఫ్రి చర్చి తలుపు వేసేశాడు.

పాత దేశం వదిలి వచ్చినవాళ్లు ఆ మైదానంలో చర్చి కట్టుకుని కొన్నేళ్లయింది. దుంగలన్నీ ఒనుఫ్రి ఎడ్లే లాగాయి. అందుకే తాళంచెవి అతని నడుముకే వేలాడేది.

చర్చి ఉంది కానీ ఫాదరు లేడు. ఆదివారం వాళ్లంతట వాళ్లే పాడుకునేవాళ్లు. ఫాదరు జవాబు చెప్పాల్సిన చోట అందరూ కాసేపు ఊరుకుని, మళ్లీ పాట అందుకునేవాళ్లు.

ఒకసారి గడ్డం పెంచుకుని ఒకడొచ్చాడు. తాను ఫాదరునన్నాడు. పెళ్లిళ్లు చేశాడు, పిల్లలకు జ్ఞానస్నానాలిచ్చాడు. వాడు పాత దేశంలో గుర్రాల బేరగాడని తర్వాత తెలిసింది. తమ పెళ్లి అయినట్టో కానట్టో తెలియక జంటలు తలలు దించుకు తిరిగాయి. అప్పటినుంచి కొత్త మొహం కనబడితే ఊరందరికీ అనుమానమే.

లుకియాన్ కోతలయ్యాక భార్య మెలానియాతో వచ్చాడు. పాడుబడ్డ మట్టి గుడిసెలో దిగి, ఇళ్లకు కట్టెలు కొట్టిపెట్టేవాడు. మాట తక్కువ మనిషి.

చలికాలం చివర్లో ఒనుఫ్రి తల్లి యవ్‌దోఖ మంచం పట్టింది.

"ఫాదరుని తీసుకురారా. చెప్పుకోవలసింది ఒకటుంది. దాన్ని మోసుకుని ఎలా పోను?"

"ఎక్కణ్ణుంచి తేనమ్మా? బండి పోయే దారైనా లేదు. దేవుడికే చెప్పుకో."

"రోజూ చెబుతూనే ఉన్నాను. సరేలే పో అని నాకు వినబడేలా ఎవరైనా అనాలి కదరా."

పొయ్యి పక్కన కట్టెలు పేరుస్తున్న లుకియాన్ చేతులు ఆగిపోయాయి. మిగిలినవి అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

పొద్దు వాలకముందే తిరిగొచ్చాడు. వెంట మెలానియా ఉంది. ఆమె కళ్లు ఏడ్చినట్టు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, అందరూ కాసేపు బయటికి వెళ్లండి. అమ్మతో మాట్లాడాలి."

"మా అమ్మతో నీకేం మాటలు?"

"ఉండనీరా అతన్ని" అంది యవ్‌దోఖ మంచం మీంచి.

ఒనుఫ్రి వాకిట్లో కాసేపు తచ్చాడాడు. మనసాగక కిటికీ అద్దం దగ్గరికి వెళ్లాడు. తల్లి ఏదో గొణుగుతోంది. లుకియాన్ ఆమె నోటి దగ్గర చెవి పెట్టి వింటున్నాడు. చివరికి ఆమె తలమీద చెయ్యి ఉంచి, శిలువ గుర్తు వేశాడు. పాపం క్షమించానని ఫాదరు తప్ప ఎవరూ అనకూడని మాటలు అద్దం అవతలినుంచి సన్నగా వినబడ్డాయి.

ఆ సాయంత్రమే యవ్‌దోఖ పోయింది. ఎన్నాళ్లుగానో ముడిపడి ఉన్న ఆమె నుదురు విచ్చుకుంది.

ఒనుఫ్రికి మాత్రం లోపల మండిపోయింది. తల్లిని మట్టి చేసి, అటునుంచి అటే లుకియాన్ గుడిసె ముందుకు వెళ్లాడు. వెనకాలే ఊళ్లోవాళ్లూ వచ్చారు.

"నువ్వు ఫాదరువా?"

లుకియాన్ చేతిలో గొడ్డలి గోడకి ఆనించాడు.

"నిన్నే. ఫాదరువైతే వచ్చే ఆదివారం పూజ చెయ్యి, చూస్తాం."

"పూజ చెయ్యలేనన్నా."

"చెయ్యలేవూ? చావబోయే ముసలిదాన్ని మోసం చెయ్యడానికి మాత్రం చేతనవుతుందా?"

"అమ్మ బరువు దించుకుని వెళ్లింది. నాకది చాలు."

ఒనుఫ్రి కొట్టిన దెబ్బకి లుకియాన్ పెదవి చిట్లి, నెత్తురు గడ్డంలోకి కారింది.

"ఒక్క మాట చెప్పండి" అని మెలానియా మొగుడి భుజం పట్టుకుని కుదిపింది. అతను తల అడ్డంగా ఊపాడు.

మొగుడూపెళ్లాలు మూట కట్టుకుని, కరుగుతున్న మంచులో కాళ్లీడ్చుకుంటూ రైలుదారి వైపు వెళ్లిపోయారు. ఎవరూ ఆపలేదు.

తర్వాత ఒనుఫ్రికి అన్నం సయించలేదు. తను గది వదిలి బయటికి వెళ్లడం వల్లే ఒక దొంగ చేతుల్లో తల్లి ఆత్మ పడిందని కుమిలిపోయాడు. సమాధి దగ్గరికి వెళ్లినా పైకి ప్రార్థన చెప్పలేకపోయేవాడు.

మూడో వేసవిలో నిజం ఫాదరు వచ్చాడు. ఒంటరి మనిషి, సన్యాసి. చర్చిలో మొదటిసారి జవాబు వినబడ్డప్పుడు ఆడవాళ్లు పాట ఆపి ఏడ్చారు.

పూజయ్యాక ఒనుఫ్రి ఆయన్ని సమాధుల వైపు తీసుకెళ్లాడు.

"ఇన్నేళ్లూ ఎవర్నీ ఎందుకు పంపలేదు ఫాదర్?"

"మన పాత దేశం ఫాదర్లలో పెళ్లయినవాళ్లే ఎక్కువ కదా. ఇక్కడి చర్చి పెద్దలు వాళ్లని ఒప్పుకోరు. పెళ్లాన్ని వదిలొస్తేనే పూజ చెయ్యనిస్తాం, లేదంటే చర్చి గడప కూడా తొక్కొద్దన్నారు."

"మరి మా ఊరి సంగతి మీకెవరు చెప్పారు?"

"రైలు పట్టాలు వేసే కూలీ ఒకాయన. పెదవి మీద మచ్చ ఉంటుంది. వీలైనప్పుడల్లా బిషప్పుగారి వాకిట్లో నిలబడి, ఫలానా ఊళ్లో చర్చి ఉంది, ఫాదరుని పంపండి అని అడిగేవాడు. తిట్టినా కదిలేవాడు కాదు."

ఒనుఫ్రి తల్లి సమాధి ముందు ఆగాడు. జరిగిందంతా చెప్పేశాడు.

"అమ్మకి ఏదైనా చేసి సరిదిద్దండి ఫాదర్."

"సరిదిద్దడానికేమీ లేదు. చావు ముందున్న మనిషి దగ్గర పెద్దల ఆజ్ఞ ఏదీ అడ్డురాదు. మీ అమ్మ చెప్పుకున్నది చెల్లింది."

"ఎలా చెల్లుతుంది? వాడు కట్టెలు కొట్టుకునేవాడు కదా. ఇప్పుడెక్కడున్నాడు?"

ఫాదరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పోయిన చలికాలం ఊపిరాడక చనిపోయాడు, ఒనుఫ్రి. ఆయన భార్య, దాచి ఉంచిన భర్త పూజ వస్త్రాలు తెచ్చి నా చేతికిచ్చింది. మన ఫాదర్లందర్నీ సాగనంపినట్టే, అవే తొడిగి ఆయన్ని మట్టి చేశాను."