పావురాల పేజీ

“కనబడ్డం లేదు,” అంది హిల్డా ఆర్మిటేజ్, చేతిలోని టీ కప్పు కింద పెట్టకుండానే.

నైజెల్ ప్రాక్టర్ పళ్లు పటపటా కొరికాడు. ఆ చప్పుడు హిల్డాకు చెవిలో తేనె పోసినట్టుంది.

ఇంగ్లండులోని లీడ్స్‌లో ఒక టీవీ కంపెనీ ఉండేది. అందులో అక్షరాల పేజీల విభాగానికి అతనే పెద్ద. రిమోట్ మీద అంకెలు నొక్కితే వార్తలు, వాతావరణం, పందేల కబుర్లు తెర మీద అక్షరాలై వచ్చే పేజీలవి. కళ్లు బాగున్నవాళ్లకు అవి బాగానే ఉండేవి.

హిల్డాకు కావలసింది ఒక్క పావురాల పేజీ. ఫ్రాన్సు నుంచి ఇంటికి ఎగిరొచ్చే పందెం పావురాలను అక్కడ ఏ వేళకు వదిలారో అందులో వేసేవారు. అది తెలిస్తేనే తన పావురం గూటికి ఎప్పుడు చేరుతుందో లెక్కకట్టుకుని పెరట్లో కాచుకోవచ్చు. భర్త పోయాక ఆమెకు మిగిలిన సరదా అదే. కానీ ఆ పేజీ నిండా నల్లటి తెర మీద ముదురు నీలం అక్షరాలు. ఆమెది అరచూపు. ముక్కు తెరకు ఆనించి ఒక్క వరుస కూడబలుక్కునేలోపే పేజీ తిరిగిపోయేది.

ఉత్తరాలు రాసింది. ఫోన్లు చేసింది. చివరికి బస్సెక్కి ఆఫీసుకే వెళ్లింది.

“ఆ రంగు మార్చు నాయనా. తొందరగా మార్చు. నాకు అట్టే వ్యవధి లేదు,” అని బతిమాలింది.

“నీలమే దానికి అందమండీ,” అన్నాడు నైజెల్. “కనబడనివాళ్లకి రేడియో ఉందిగా!”

గదిలో అందరూ గొల్లుమన్నారు. వీడి చేత మూడు చెరువుల నీళ్లు తాగించకపోతే నా పేరు హిల్డా కాదు అనుకుంటూ ఆమె మెట్లు దిగింది.

ఎల్లకాలం ఒకేలా సాగదు కదా. చూపు తక్కువవాళ్ల సంఘం పత్రికలకెక్కి కంపెనీ పరువు తీసింది. పైవాళ్లు దిగొచ్చి, అరచూపువాళ్లు ఐదుగురితో ఒక బృందం వేశారు. ఐదుగురూ ‘కనబడింది’ అంటేనే కొత్త పేజీ ప్రసారమవుతుంది. నైజెల్‌కు రావలసిన లండన్ ఉద్యోగం కూడా దానిమీదే ఆధారపడింది. హిల్డా ‘అరచూపు’ అని రాసున్న తన పాత కార్డు చూపించి అందరికంటే ముందు పేరిచ్చింది.

నెలనెలా ఆఫీసు గదిలో సోఫాలోనూ కుర్చీల్లోనూ కూర్చున్న బృందానికి నైజెల్ కొత్త పేజీ చూపించేవాడు. నీలం పోయి తెలుపొచ్చింది. “కనబడ్డం లేదు.” తెలుపు పోయి పసుపొచ్చింది, అక్షరాలు రెట్టింపయ్యాయి. “ఉహూఁ.”

“నాకే కనబడుతుంటే నీకేమొచ్చిందే?” అన్నాడు పక్క కుర్చీలోని సెడ్రిక్, కళ్లు పాడై రైల్వే పని మానుకున్న మనిషి.

“నువ్వు కుర్చీ ముందుకి లాక్కుని చదివావు. ఇదిగో, సోఫాలో నా పక్కనున్న మేవిస్ అయితే సగంలోనే ఆగిపోయింది. నేను వినలేదనుకున్నావా?”

“పగబట్టావే నువ్వు!”

“పట్టాను. పాము పగ. ఏం?”

ఇక నైజెల్ ఉండబట్టలేకపోయాడు. “మీరు కావాలనే ఏడిపిస్తున్నారు!” అని అరిచాడు.

“మా సెడ్రిక్ కళ్లద్దాలకి వాజిలీన్ పూసి తెచ్చాడు. అవి పెట్టుకుని, నీ పాత నీలం పేజీ ఒక్కసారి చదివి వినిపించు,” అంది హిల్డా.

తన మనుషుల ముందు కాదనలేక పెట్టుకున్నాడు.

“పా... పావురా... ఇది తొమ్మిదా, ఎనిమిదా...”

పేజీ తిరిగిపోయింది. ఈసారి గొల్లుమన్నది అతని మనుషులే.

“రేడియో పెట్టించమంటావా నాయనా?” అంది హిల్డా. ఆమె కడుపు చల్లబడింది. అయినా ఆ పూట కూడా ‘కనబడింది’ అనలేదు.

తర్వాతి నెల నైజెల్ వస్తూనే మీట నొక్కాడు. ఇప్పుడు పేజీ తనంతట తాను తిరగదు, నొక్కితేనే తిరుగుతుంది. బృందంలో అందరికంటే పెద్దది మేవిస్. సోఫాలో వెనక్కి వాలినది వాలినట్టే చదివింది.

“పావురాలను తొమ్మిదింబావుకు వదిలారు. గాలి దక్షిణం నుంచి. ఆకాశం నిర్మలంగా ఉంది.” ఒక్కచోటా తడబడలేదు. సోఫా కిర్రుమనలేదు. “ఎవరినీ అడుక్కోకుండా చదివానే హిల్డా!” అంటూ మేవిస్ బావురుమంది.

నైజెల్ హిల్డా వైపు తిరిగాడు. “ఆర్మిటేజ్ గారూ, ఆనాడు నేనన్నది తప్పే. లండన్ పోతే పోయింది. ఈ పేజీ మాత్రం... మీకు కనబడుతోందా అండీ?”

హిల్డా టీ కప్పు కింద పెట్టింది.

“కనబడుతోంది నాయనా,” అంది. “ప్రతి అక్షరం.”

ఆ సోఫాలో కూర్చుని ఆమె ఆడిన ఒకే ఒక్క అబద్ధం అది. బృందంలో చేరేనాటికే ఆమెకు రెండు కళ్లలోనూ చూపు పూర్తిగా పోయింది.