పక్కన పెట్టిన ఏడుపు

"మా యాడి ఏది తమ్మీ?"

రాధాబాయి పెన్‌డ్రైవ్‌ను ఠక్కున బల్ల మీద పెట్టింది. మానుకోటలో పెళ్లి వీడియోలు తీసే యుగేందర్ తలెత్తాడు.

"నా బిడ్డ జమున పెళ్లి వీడియో మూడు గంటలు చూసిన. గిన్నెలు కడిగినోళ్లు గూడ ఉన్నరు. మా యాడి, మా అమ్మ గంగి, ఒక్కతే లేదు. ఆమె పోయి తొమ్మిది దినాలాయె. ఇంట్ల ఒక్క ఫోటో లేదు. కెమెరా చూస్తే ఉరికేది."

"ఎట్ల గుర్తువట్టాలె అక్కా?"

"రెండు చేతులకు మోచేతుల దాక పచ్చబొట్లు. మీరు పారేసిన దాంట్ల చూడు జర."

"పారెయ్యమక్కా. మూడు తీర్ల దాస్తం," అంటూ తెర చూపించాడు. "తప్పు జరిగి నవ్వొచ్చేది బ్లూపర్. సక్కగ రాలేదని మళ్ల తీస్తే, ముందుగాల తీసింది ఔట్‌టేక్. మంచిగనే వచ్చినా మేం తీసేసింది డిలీటెడ్ సీన్."

"పేర్లెందుకు నాకు? అన్ని చూపియ్యి."

బ్లూపర్లలో పెళ్లికొడుకు శివాజీ తలపాగాను మేక లాక్కుపోతోంది. శివాజీ ఒంటి చెప్పుతో వెంటపడ్డాడు. రాధాబాయి పకపకా నవ్వింది. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంగి లేదు.

ఔట్‌టేక్‌లు తెరిచాడు. సాగనంపే వేళ పెళ్లికూతురు ముసుగు వేసుకుని, అయినవాళ్ల మెడ పట్టుకుని పాడుతూ ఏడవడం లంబాడీ తాండా ఆచారం. తెర మీద జమున తన తల్లి రాధాబాయి మెడ పట్టుకుంది. కిసుక్కున నవ్వింది. రెండోసారీ నవ్వింది. మూడోసారి తల్లికే నవ్వు ఆగలేదు. డప్పు కొట్టేవాడు పుల్లలు జారవిడిచాడు.

"మనసు పడ్డోన్ని చేసుకుంటే ఏడుపు ఏడికెళ్లి వస్తదక్కా!"

"ఇజ్జత్ తీసింది పోరి. మొగం కడుక్కొని వస్తనని లోపటికి పోయింది. వచ్చినంక ఏడ్చింది సూడు! తాండ తాండంత కండ్లు తుడుసుకున్నది. గదేది?"

"డిలీటెడ్ల ఉన్నది. ముసుగుల ముఖం కనవడలేదని నేనే తీసేసిన."

తెర మీద ఎర్ర ముసుగు ఊగింది. లోపలి నుంచి బొంగురు గొంతుతో పాట సాగింది. ఆ ముసుగును పట్టుకుని ఏడుస్తున్న తెరలోని రాధాబాయి భుజాలు కదిలిపోతున్నాయి. ఇద్దరూ ఒకరినొకరు వదలలేదు.

"చూసినవా? ఏడ్చి ఏడ్చి గొంతు గూడ పోయింది నా బిడ్డకు," రాధాబాయి మురిసిపోయింది.

యుగేందర్ వీడియో ఆపాడు. తెర మూలన వేలు పెట్టాడు.

"అక్కా... జమున గిక్కడున్నది."

టెంటు వెనక, ముసుగు లేకుండా, పెళ్లిబట్టల్లో కూర్చుని జమున ఐస్‌క్రీం తింటోంది.

రాధాబాయి తెర దగ్గరికి వంగింది. యుగేందర్ వీడియోను మళ్లీ నడిపాడు. ఎర్ర ముసుగు కింది నుంచి, ఏడుస్తున్న రాధాబాయి వీపు మీదుగా, మోచేతి దాకా పచ్చబొట్లున్న చెయ్యి ఒకటి, 'నువ్వు తిను, నేను చూసుకుంటా' అన్నట్టు జమునకు సైగ చేస్తోంది.