ఇద్దరిలో ఒకరు

"ఇక్కడేనా మేడం?"

"అక్కడే... అమ్మా! కాస్త మెల్లగా."

బల్ల మీద బోర్లా పడుకున్న మేనేజరు పళ్ళు బిగబట్టింది. మసాజ్ ఆవిడ అరచేతులకి ఇంకొంచెం నూనె రాసుకుని, ఆమె మెడకీ భుజానికీ మధ్య గట్టిపడ్డ చోట బొటనవేళ్ళు ఆనించింది.

"పోయినవారం ఇంతగా బిగుసుకుపోలేదే. ఆఫీసులో ఏమైనా జరిగిందా?"

పని ఒత్తిడి పడలేక వారం వారం ఇక్కడికి రావడం మేనేజరుకి అలవాటైంది. ఆ వీధిలో ఇలాంటి మసాజ్ సెంటర్లు ఇంకా ఉన్నాయి. అక్కడివాళ్ళు సన్నగా పాట పెట్టి, నోరు మెదపకుండా పని కానిస్తారు. ఈవిడ మాత్రం మాట్లాడిస్తుంది. ఒళ్ళు తేలికపడటానికి సగం కారణం ఆ మాటలేనని మేనేజరు నమ్మకం.

"మా సెక్షన్‌లో ఒకర్ని తీసెయ్యమని పైనుంచి ఆర్డరొచ్చింది. ఎవర్నన్నది నా ఇష్టమట. ఆ పాపం నా నెత్తిన రుద్దారు."

"ఎవర్ని అనుకుంటున్నారు?"

"ఇద్దరున్నారు. ఒకమ్మాయి కొత్తగా చేరింది. టైమవగానే బ్యాగు తగిలించుకుని చక్కా పోతుంది. రెండో ఆయన సీనియరు. ఏం చెప్పినా కాదనడు. పక్కవాళ్ళ పని కూడా మీదేసుకుంటాడు. సెలవు పెట్టగా నేనెప్పుడూ చూళ్ళేదు."

"అయితే అమ్మాయినే తీసేస్తారు."

"అనుకున్నాను. కానీ ఆ మనిషిని చూస్తే భయమేస్తోంది. మొన్న నాతో మాట్లాడుతూ మాట్లాడుతూనే కళ్ళు తిరిగి పడిపోయాడు. మొహాన నీళ్ళు కొడితే లేచి, మళ్ళీ కంప్యూటర్ ముందే కూర్చున్నాడు. ఇంట్లో తెలియనివ్వొద్దని అందరికీ దణ్ణాలు పెట్టాడు."

వీపు మీద చేతులు ఆగాయి.

"ఏమైంది?"

"ఏం లేదు మేడం. నూనె చల్లారిపోయింది."

గిన్నె తీసుకుని బయటికి వెళ్ళింది. రావడానికి కాస్త ఆలస్యమైంది. వచ్చాక నడుము దాకా మర్దనా చేసింది.

"ఆయన్నే తీసెయ్యండి," అంది ఉన్నట్టుండి.

మేనేజరు తల తిప్పి చూడబోయింది. మసాజ్ ఆవిడ ఆ తలని నెమ్మదిగా మళ్ళీ దిండుకి ఆనించింది.

"అదేమిటి? గొడ్డులా చాకిరీ చేసే మనిషిని పట్టుకుని! నీకు జాలి లేదా?"

"ఆ అమ్మాయికి ఎక్కడ ఆపాలో తెలుసు. ఆయనకి తెలీదు. ఎవరో ఒకరు ఆపాలిగా మేడం? ఆయనంతట ఆయన మానరు."

"మానమని ఇంట్లోవాళ్ళు చెప్పుకోవాలి. నాకెందుకు?"

"చెప్పే ఉంటారు. అలాంటివాళ్ళు ఇంట్లో మాట వింటారా?"

మేనేజరు లేచి వెళ్ళేటప్పుడు మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నొప్పి తగ్గింది.

మళ్ళీ వారం వచ్చేసరికి ఆమె మొహం పీక్కుపోయి ఉంది.

"నిన్న చెప్పేశాను. అరవలేదు, గొడవ చెయ్యలేదు. 'నేనేం తప్పు చేశాను మేడం?' అన్నాడు. సామాను సర్దుకుంటూ, 'ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?' అన్నాడు. రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు."

"ఇంట్లోవాళ్ళు అర్థం చేసుకుంటారు లెండి."

"ఏమో! ఈపాటికి నన్ను దుమ్మెత్తిపోస్తుంటారు."

"పొయ్యరు," అంది మసాజ్ ఆవిడ, మెడ నరం మీద వేళ్ళు అదుముతూ.

కాసేపటికి మేనేజరు కుదుటపడింది. "నీ మాట విని చేశాను. ఆయన ఉసురు తగిలితే నీకూ సగం తగులుతుంది," అంది నవ్వీ నవ్వనట్టు.

"తగలనివ్వండి. పడతాను."

మేనేజరు వెళ్ళిపోయాక మసాజ్ ఆవిడ తువ్వాళ్ళు మడిచిపెట్టి, ఇంకా రావలసినవాళ్ళని తనతో పనిచేసే ఆవిడకి అప్పగించి, ఎండ ఉండగానే ఇంటికి బయల్దేరింది. చెప్పులు గుమ్మం బయటే విడిచి, చప్పుడు కాకుండా తలుపు తీసింది. మంచం మీద పడే ఎండకి అడ్డంగా కిటికీ తెర లాగింది.

సీనియరు ఆదమరిచి నిద్రపోతున్నాడు.