ఏడాదికి ఒక్క ఫోను

"అరగంట. ముప్పై ఒకటో నిమిషం వచ్చిందంటే నేనే కట్ చేస్తాను బ్రదర్. తర్వాత నన్ను తిట్టుకోకండి" అన్నాడు పెద్ద మిషనరీ, చేతి గడియారం విప్పి ముందు పెట్టుకుంటూ.

"ఏడాదికి ఒక్క ఫోను. దానికి కూడా గడియారమేనా?"

"రూలు నేను పెట్టింది కాదు. పరాయి దేశంలో ఉన్న మిషనరీ క్రిస్మస్ రోజునే ఇంటికి ఫోన్ చేయాలి. జోడీగా తిరిగే మిషనరీ పక్కనే కూర్చోవాలి. స్పీకర్ ఆన్‌లో ఉండాలి. ఇంకో మాట. ఇంట్లోవాళ్ళ దగ్గర ఏడుపులు గీడుపులు పనికిరావు."

"నేనేం ఏడవను. వచ్చేస్తున్నానని చెబుతాను, అంతే" అన్నాడు చిన్న మిషనరీ.

పెద్దాయన నోరు తెరిచాడు. పెద్దాయన అంటే మరీ పెద్దవాడేం కాదు, మూడేళ్ళు ముందు పుట్టాడు. ఆ మూడేళ్ళకే ఆ హోదా.

"అదేమిటి బ్రదర్? రెండేళ్ళ సేవకని వచ్చి పదకొండు నెలలకే?"

"పదకొండు నెలలు కాళ్ళరిగేలా తిరిగాం. లోపలికి రమ్మన్నవాళ్ళు ఒక్కరున్నారా?"

"మూడో అంతస్తులో ఒకావిడ రమ్మంది కదా."

"కుళాయి బాగుచేసేవాళ్ళమనుకుని."

ఆ మాట నిజమే. ఇద్దరూ కలిసి కుళాయి బిగించి మరీ వచ్చారు. ఆవిడ థాంక్స్ చెప్పి తలుపు వేసుకుంది. పంచకుండా మిగిలిపోయిన కరపత్రాల పెట్టెలు గదిలో ఎంతగా పేరుకుపోయాయంటే, ఇప్పుడు గడియారం పెట్టిన బల్ల కూడా అవే.

చిక్కల్లా అమ్మతోనే. ఊళ్ళో చర్చిలో స్త్రీల సమాజానికి ఆవిడే పెద్ద. కొడుకు విదేశాల్లో మిషనరీ అని తలెత్తుకు తిరుగుతోంది. వాడు కాస్తా మధ్యలోనే మూటాముల్లె సర్దుకుని వచ్చేస్తే, ఆదివారం నాడు ముందు వరసలో ఏ మొహం పెట్టుకుని కూర్చుంటుంది? ఆ బెంగతోనే ఇన్నాళ్ళూ పళ్ళబిగువున ఉండిపోయాడు. ఇక ఉండలేడు. ఫోన్ చేశాడు.

"అమ్మా, నేను! హ్యాపీ క్రిస్మస్!"

"ఆఁ, ఆఁ, సంతోషం నాన్నా! నీ ఫోన్ ఎక్కడ తప్పిపోతుందోనని పొద్దుట్నుంచీ స్నానానికి కూడా లేవలేదు. చిక్కిపోయావా?"

"లేదమ్మా. పాస్టరుగారు బాగున్నారా?"

"బాగానే ఉండుంటారు. నీ సంగతి చెప్పు. ఎంతమంది మతంలో కలిశారు నీ దగ్గర?"

వద్దన్నట్టు పెద్దాయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

"ఒక్కరూ కలవలేదమ్మా. నా వల్ల కావట్లేదు. వచ్చేస్తాను. నీకు తలవంపులు తెస్తున్నానని తెలుసు. కానీ..."

ఇక తిట్లు తప్పవని కళ్ళు మూసుకున్నాడు వాడు.

"ఒరే నాన్నా, తలుపు తీయగానే ఏం మాట్లాడతావు?" అంది తల్లి.

"దేవుడి గురించి."

"అదీ సంగతి. మొదటి రోజే దేవుణ్ణి తీసుకెళ్ళి గుమ్మంలో నిలబెడితే ఎవరు రమ్మంటారు? ముందు మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడగాలి. మర్నాడు వెళ్ళి మాడిపోయిన బల్బు మార్చిపెట్టాలి. ఆ మర్నాడు వాళ్ళ పిల్లల ఫోటోలు చూపించమనాలి. ఎన్ని చూపిస్తే అన్నీ చూడాలి, ఆవలించకుండా. దేవుడి మాట ఒక నెల పోయాక. అది కూడా వాళ్ళే అడిగితే."

పెద్దాయన ఎప్పుడు తీశాడో, నోట్‌బుక్ పట్టుకుని గబగబా రాసేసుకుంటున్నాడు. "మోకాళ్ళ తర్వాత ఏమన్నారు?" అని గుసగుసగా అడిగాడు.

"బల్బు" అని చెప్పి, "ఇదంతా నీకెలా తెలుసమ్మా? మా శిక్షణలో కూడా ఇంత వివరంగా చెప్పలేదు" అన్నాడు చిన్న మిషనరీ.

"నా కళ్ళతో చూశాను కదరా! నువ్వెళ్ళిన నెలకే మన వీధిలోకి ఇద్దరు పిల్లలొచ్చారు. నీ ఈడువాళ్ళే. ఎక్కడో పరాయి దేశం. నీలాగే చేతిలో కరపత్రాలు పట్టుకుని వానలో ఇంటింటికీ తిరుగుతున్నారు. అందరూ మొహం మీదే తలుపేస్తున్నారు. నా కడుపు తరుక్కుపోయింది. మావాడు కూడా ఎక్కడో ఏ గుమ్మంలోనో ఇలాగే నిలబడి ఉంటాడు కదా అనిపించి, లోపలికి పిలిచి తువ్వాలిచ్చాను. అప్పట్నుంచీ రోజూ వస్తారు. నీ ఫోటోలన్నీ మూడేసి సార్లు చూశారు."

చిన్న మిషనరీకి కళ్ళు నిండిపోయాయి. పదకొండు నెలలుగా తనకి దొరకని తలుపు, తన ఇంట్లోనే ఇంకెవరి కోసమో తెరుచుకుంది. ఇలాంటి తల్లి కడుపున పుట్టి, నాలుగు తలుపులు మొహాన వేశారని పారిపోవడమా? సిగ్గేసింది.

"అమ్మా, నేను రావట్లేదు. ఇక్కడే ఉంటాను. రెండేళ్ళూ పూర్తి చేసే వస్తాను."

"మా నాన్నే!"

అరగంట ఎప్పుడో దాటింది. పెద్దాయన గడియారం తీసి జేబులో వేసుకుని, మాట్లాడుకోమని సైగ చేశాడు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

"వాళ్ళకి కూడా నీలాగే ఒక్కరూ కలవలేదురా, పాపం. ఈ నెలాఖరుకి తిరిగి వెళ్ళిపోవాలట. వట్టి చేతుల్తో ఇంటికెళ్తే వాళ్ళమ్మలు ఎంత నొచ్చుకుంటారో నాకు తెలియదూ? అందుకే మొన్న ఆదివారం నేనూ మీ నాన్నా చర్చి మానేసి వాళ్ళ మతం పుచ్చుకున్నాం."